పాస్టరు కాని పెద్దాయన గురించి ఏం రాయాలి?

ప్రశ్న: మా తాతగారు సాలూరు వైపు లూథరన్ క్రైస్తవ సంఘంలో నలభై ఏళ్లు సంఘ పెద్దగా సేవ చేశారు. పైసా జీతం లేదు. ఇప్పుడు మంచం మీద ఉన్నారు. ఆయన గురించి చిన్న పుస్తకం వేద్దామంటే, ‘ఆయనేమైనా పాస్టరా?’ అంటున్నారు కొందరు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వెయ్యమ్మా, తప్పకుండా వెయ్యి. నమ్మినవాళ్లందరూ యాజకులేనని, అంటే దేవుడి సేవకులేనని, లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1520లోనే రాశాడు. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి (క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్న-జవాబులుగా నేర్పే పుస్తకం) కూడా ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకు నేర్పడానికి వీలుగా ఉంటుంది, అంటే మీ తాతగారు చేసిన పని లూథరన్ సంఘానికి కొత్తేమీ కాదు. జర్మనీలోని బ్రెక్లుమ్ మిషనరీలు 1880ల్లో జయపురం, సాలూరు ప్రాంతాలకు వచ్చారు, నిజమే, కానీ వాళ్లు వెళ్లాక గుడి తలుపులు తీసి, దీపం పెట్టి, చందా పుస్తకం రాసింది ఇలాంటి ఊరి పెద్దలే కదా.

పదవులతో మొదలుపెట్టకు. రోజూ ఓ పావుగంట పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చెయ్యి. అర్ధరాత్రి ఎవరింట్లో చావు జరిగితే కబురు ముందు ఎవరికి వచ్చేది, 2014 హుద్‌హుద్ తుపానులో ఏం చేశారు, ఎవరి పిల్లలకు ఫీజు కట్టారు, ఇవి అడుగు. ఆయన అలసిపోతే ఆపెయ్. సంఘంలో లేని ఇరుగుపొరుగు వాళ్లనీ అడుగు, వాళ్లకే ఎక్కువ గుర్తుంటాయి. అచ్చు సంగతి తర్వాత, ముందు ఈ ఆదివారమే మొదలుపెట్టు.