బడి చరిత్ర రాయబోతున్న బిడ్డకు

చిరంజీవి సౌమ్యకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మన హన్మకొండ బడి డెబ్బై అయిదేళ్ల సంచిక పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను చదువుకున్న బడి, పాఠాలు చెప్పిన బడి, నువ్వు రెండు జడలేసుకుని ఏడ్చుకుంటూ పోయిన బడి. సంతోషం పట్టలేక పక్కింటివాళ్లకు కూడా చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇరవై ఐదేళ్ల పండుగకు ఆ పని చేసింది నేనే కదా.

అడ్మిషన్ రిజిస్టర్లు, జీతాల పుస్తకాలు, ఫోటోలు ముందు ఒకచోట చేర్చు. ఫోటో వెనక పేర్లు పెన్సిల్‌తోనే రాయి. స్థలం కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క, కనిపిస్తే కంగారు పడకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1360 ఫసలీ అంటే 1950 అక్టోబరులో మొదలై 1951లోకి వస్తుంది. ఈ లెక్క తప్పితే బడి వయసే మారిపోతుంది, జాగ్రత్త.

బడి ఎందుకు పుట్టిందో రాసేటప్పుడు కొంచెం వెనక్కి పో. నిజాం కాలంలో పెద్ద చదువు చాలామటుకు ఉర్దూలోనే. 1928లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాద్‌లో ఆడపిల్లల కోసం తెలుగు బడి పెడితే, గుర్తింపు కోసం ఎక్కడో పూనాలో ఉన్న కర్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. ఆ కష్టం తెలిసినవాళ్లే మన ఊళ్లోనూ నడుం కట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు మొదట కరస్పాండెంట్ గారి ఇంటర్వ్యూ పెట్టుకున్నావట. దాన్ని వాయిదా వెయ్యి. ఆయన ఎక్కడికీ పోడు. ఎనభై దాటినవాళ్ల దగ్గరికి ముందు పో. నేను చేసిన తప్పు నువ్వు చేస్తే నీతో మాట్లాడను.

మనది హాస్టల్ లేని బడి. పొద్దున పిల్ల ఇంట్లోంచి వచ్చి సాయంత్రం ఇంటికి చేరాలి. ఆ నమ్మకం మీదే తల్లిదండ్రులు పంపేవాళ్లు. ఆ నమ్మకం పేరు రాజవ్వ. మేం ఆయమ్మ అనేవాళ్లం. పద్మాక్షి గుట్ట దారి నుంచి బ్రాహ్మణవాడ మీదుగా ఒక్కో ఇంటి ముందు ఆగి పిలుచుకొచ్చేది. ఆమెకు లెక్కలు రావు. పిల్ల గడప దాటగానే ఒక చింతగింజ కొంగులో వేసుకుని ముడి వేసేది. సాయంత్రం పిల్లను ఇంట్లో దింపి ఒక గింజ తీసి పారేసేది. ముడిలో గింజ మిగిలితే తన ఇంటికి పోయేది కాదు. 1969 తెలంగాణ ఉద్యమంలో నెలల తరబడి బళ్లు మూతపడ్డప్పుడు కూడా ఇళ్ల మీదికి వచ్చి, "పుస్తకం తీస్తున్నవా?" అని అడిగేది. ఆ ప్రశ్న వింటే మాకు టెన్షన్.

సంచికలో నేను వ్యవస్థాపకుల గురించి రాశాను, ర్యాంకులు రాశాను, వచ్చిపోయిన మంత్రుల పేర్లు రాశాను. జీతాల పుస్తకంలో ఆమె గడిలో "ఆయా" అని మాత్రమే ఉంది. ఫోటో లేదు. తర్వాత అడుగుదాం అనుకున్నాను, ప్రెస్ వాళ్లు తొందర పెట్టారు. పండుగ రోజు ఆమెకూ ఒక కాపీ ఇచ్చారు. చెట్టు కింద ఆరో తరగతి పిల్లను కూర్చోబెట్టుకుని, "గిండ్ల నా పేరు యాడున్నదో సూపియ్యి బిడ్డా" అంది. ఆ పిల్ల ఒక్కో పేజీ తిప్పుతూ చివరి అట్ట దాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చింది. నేను వరండా స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. దగ్గరికి పోలేకపోయాను. రాజవ్వ పుస్తకాన్ని కొంగుతో తుడిచి చంకలో పెట్టుకుని పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది చనిపోయింది.

బతుకమ్మ గురించి "ఘనంగా జరుపుకుంటాం" అని రాసి ఊరుకోకు. 2014లో రాష్ట్ర పండుగ అయింది గానీ, మన వాకిట్లో దసరా సెలవులకు ముందురోజు ఆడటం నా చిన్నప్పటి నుంచీ ఉంది. గునుగు, బంతి మేం తెచ్చేవాళ్లం. తంగేడు మాత్రం తెల్లవారుజామున గుట్ట నుంచి రాజవ్వే మోసుకొచ్చేది. ఆ పూలు రంగు అద్దకుండానే పచ్చగా ఉంటాయని, వాటిని అడుగు వరుసలోనే పేర్చాలని ఆమె చెప్తేనే మాకు తెలిసింది.

రాత్రిళ్లు కూర్చుని రాయకు, నీ కళ్లు అసలే అంతంత మాత్రం. ఫోన్‌లో రికార్డు చేసేముందు వాళ్లను అడుగు. వాళ్లు ఏడిస్తే ఆపెయ్యి.

రాజవ్వ మనవరాలు కాజీపేటలో ఉందని మొన్ననే తెలిసింది. వాళ్లింట్లో ఒక ఫోటో ఉందట. ఆదివారం కరీంనగర్ నుంచి మొదటి బస్సుకు వస్తున్నా. హన్మకొండ బస్టాండ్‌కు రా. ఆ గడప ఒక్కదాన్నే ఎక్కడానికి నాకు కాళ్లు రావడం లేదు.

మీ పెద్దమ్మ