బొడ్డుతాడు డాప్లర్‌లో డయాస్టోలిక్ ఫ్లో ఒకసారి ఉండి, ఒకసారి లేకపోతే

32 వారాల గర్భిణికి డాప్లర్‌లో (బొడ్డుతాడులో రక్తం పారే తీరు చూపే స్కాన్) ఒకే సిట్టింగ్‌లో ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో (బిడ్డ గుండె రెండు కొట్టుకోవడాల మధ్య, చివర్లో పారే రక్తం) కనబడి, మళ్లీ మాయమైతే, ముందు వాల్ ఫిల్టర్‌ని (నెమ్మది సిగ్నల్స్‌ని తీసేసే మెషీన్ సెట్టింగ్) అనుమానించండి.

1. ఫిల్టర్‌ని 60 హెర్ట్జ్ లోపుకి దించండి. చాలామంది వదిలేసేది ఇదే. ఎక్కువుంటే నెమ్మదిగా పారే రక్తాన్ని మెషీనే చెరిపేస్తుంది. గ్రాఫ్‌లో బేస్‌లైన్‌ని (సున్నా గీత) ఆనుకుని సన్నటి నల్ల పట్టీ కనిపిస్తే అది ఫిల్టర్ పనే. అది చూడకుండా "ఫ్లో లేదు" అని రాసేయకండి, ఆ ఒక్క మాటతో కాన్పు ముందుకు జరిగిపోవచ్చు.
2. ఉమ్మనీటిలో తేలుతున్న తాడు లూప్‌లోనే తీయండి. బిడ్డ పొట్ట దగ్గర రెసిస్టెన్స్ (రక్తం పారడానికి అడ్డు) ఎక్కువ, మాయ దగ్గర తక్కువ.
3. బిడ్డ కదలికలు, ఊపిరి కదలికలు ఆగాకే ఫ్రీజ్ చేయండి.

అప్పటికీ ఫ్లో లేకపోతే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరుగారికి వెంటనే ఫోన్ చేయండి.