ఫారంలో ఆస్తమా దాచకండి

ప్రశ్న: మాది విజయవాడ. ఇజ్రాయెల్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. ల్యాబ్‌లో స్నేహితురాలి ఇంట్లో సుక్కోత్, అంటే యూదుల పర్ణశాలల పండగకి వెళ్లాను. వాకిట్లో కొమ్మలు కప్పిన పందిరి కింద భోంచేస్తున్న ఫొటో స్టేటస్‌లో పెడితే, ‘మతం మారిపోతున్నావా’ అని అమ్మ ఒకటే ఏడుపు. ఇప్పుడు పస్కా పండగకి పిలిచారు. ఆ సెలవుల్లోనే ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న ఐలాట్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకుందామని ఉంది. చిన్నప్పటి ఆస్తమా ఉంది, చలికాలంలో ఇన్‌హేలర్ వాడతాను. కోర్సు ఫారంలో ఆ సంగతి రాస్తే చేర్చుకోరేమో! ఇంట్లో చెప్పకుండా వెళ్లొచ్చా?

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన ఆస్తమాయే నాకు అన్నిటికంటే టెన్షన్‌గా ఉంది. పది మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా పైకొస్తే అది బయటికి పోతుంది. ఆస్తమాతో శ్వాసనాళాలు బిగుసుకున్నాయనుకోండి, గాలి లోపలే చిక్కుకుని ఊపిరితిత్తిని చీల్చగలదు. పైగా సిలిండర్ గాలి పొడిగా ఉంటుంది, ఆయాసం రేగడానికి అదీ ఒక కారణమే. అందుకే ఫారంలో ఆస్తమా ఉందా అని అడుగుతారు. ‘ఉంది’ అని రాస్తే డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మంటారు. డైవింగ్ గురించి తెలిసిన డాక్టర్‌కి చూపించుకోండి. పరీక్షలు చేసి, బాగా అదుపులో ఉన్న కొందరికి అనుమతిస్తారు. మీకు వద్దంటే వాదించకండి. ఐలాట్‌లో పగడపు దిబ్బలు ఒడ్డు పక్కనే మొదలవుతాయి, నీళ్లలో దిగకుండానే అద్దాల్లోంచి చేపల్ని చూసే అబ్జర్వేటరీ కూడా ఉంది. అనుమతి దొరికి డైవింగ్ చేస్తే మాత్రం, ఆఖరి డైవ్ తర్వాత 18 గంటలైనా ఆగి విమానం ఎక్కండి.

ఇక అమ్మగారి భయం. యూదులు మామూలుగా ఎవర్నీ తమ మతంలోకి రమ్మని పిలవరు. కావాలని వెళ్లినవాళ్లు కూడా చాలాకాలం చదువుకుని రబ్బీల, అంటే వాళ్ల మతగురువుల ముందు నిలబడాలి. ఒక పూట భోజనంతో అయ్యేది కాదు. పస్కా రాత్రి చదివే హగ్గాదా అనే పుస్తకంలోనే ‘ఆకలిగా ఉన్నవాళ్లంతా వచ్చి తినండి’ అని ఉంటుంది. ఈజిప్టులో బానిసలుగా పడ్డ కష్టాలకి గుర్తుగా ఆ రాత్రి చేదు ఆకులు తింటారని అమ్మకి చెప్పండి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసే మనిషికి పండగపూట చేదెందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

అభిమానం కొద్దీ పులిహోర చేసుకుని వెళ్లేరు! యూరప్ మూలాలున్న చాలా కుటుంబాల్లో ఆ రోజుల్లో అన్నం ముట్టరు, వంటింటి నియమాలూ ఎక్కువే. పూలు తీసుకెళ్లి, పండగ మొదలవకముందే, అంటే పొద్దుగుంకకముందే ఇవ్వండి. వాళ్లు నిష్ఠగా ఉండేవాళ్లయితే పండగపూట ఫోన్ ముట్టరు, మీరూ బయటికి తీయకండి. స్టేటస్ గొడవా తప్పుతుంది.

డైవింగ్ సంగతి ఇంట్లో దాచొద్దు. మీకు ఆయాసం వచ్చిన రాత్రుళ్లు లేచి కూర్చున్నది ఎక్కువగా అమ్మే అయి ఉంటుంది. ముందు డాక్టర్‌ని కలవండి, ఆయన ఏమన్నారో ఉన్నదున్నట్టు ఆవిడకి చెప్పండి. కోర్సుకి డబ్బులు ఆ తర్వాతే కట్టండి.