సైన్స్ మాష్టారు కట్టిన గ్రహం

ప్రశ్న: హార్డ్ సైన్స్ ఫిక్షన్ (అంటే సైన్స్ లెక్కలు తప్పకుండా రాసే కథలు) చదవాలంటే హాల్ క్లెమెంట్‌తో మొదలుపెట్టమని చాలామంది చెప్తున్నారు. ఎవరండీ ఈయన? అంత పేరున్న మనిషి రాసింది ఇంత తక్కువేంటి?

జవాబు: అసలు పేరు హ్యారీ క్లెమెంట్ స్టబ్స్ అండీ, 1922లో అమెరికాలో మసాచుసెట్స్‌లో పుట్టాడు. తక్కువ రాశాడంటే కారణం సింపుల్, ఆయన ఫుల్‌టైమ్ రైటర్ కాదు, మిల్టన్ అకాడమీ అనే స్కూల్లో దశాబ్దాలపాటు పిల్లలకి సైన్స్ చెప్పిన మాష్టారు, రాయడం అంతా ఖాళీ టైమ్‌లోనే. హార్వర్డ్‌లో ఆస్ట్రానమీ చదువుతుండగానే 1942లో అస్టౌండింగ్ పత్రికలో మొదటి కథ 'ప్రూఫ్' వచ్చింది. అందులో పాత్రలు సూర్యుడి లోపల బతికే జీవులు, గట్టి పదార్థం అనేది ఒకటి ఉంటుందంటే నమ్మలేని వాళ్ళు! చదువుకునే కుర్రాడికి వచ్చిన ఐడియా చూడండి. చదువవగానే యుద్ధానికి పోయి బి-24 బాంబర్ పైలట్‌గా యూరప్ మీద 35 సార్లు ఎగిరాడు, తిరిగొచ్చి పాఠాలు, మధ్యమధ్యలో జార్జ్ రిచర్డ్ అనే పేరుతో అంతరిక్షం బొమ్మలు కూడా వేసేవాడు. ఆఖరి నవల 'నాయిస్' 2003లో వచ్చింది, ఆ ఏడాదే పోయాడు.

ప్రశ్న: ఆయన నవల 'మిషన్ ఆఫ్ గ్రావిటీ'లో ఒకే గ్రహం మీద ఒక చోట మన భూమికి 3 రెట్లు, ఇంకో చోట 700 రెట్లు గ్రావిటీ అంటాడు. ఇది నిజంగా కుదిరే పనేనా, కథ కోసం కోతలా?

జవాబు: కోతలైతే ఇన్నేళ్ళ తర్వాత మనం మాట్లాడుకునేవాళ్ళం కాదు. కిటుకంతా తిరగడంలో ఉంది. ఆ గ్రహం పేరు మెస్క్లిన్, బరువు గురుగ్రహానికి సుమారు 16 రెట్లు, తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 18 నిమిషాల లోపే. అంటే మనం స్నానం చేసి వచ్చేలోపు అక్కడ రోజు అయిపోద్ది. అంత స్పీడుగా తిరిగితే ఏ గ్రహమైనా గుండ్రంగా ఉండలేదు, నడుము దగ్గర ఉబ్బి ధ్రువాల దగ్గర నొక్కుకుపోతుంది, మెస్క్లిన్ అడ్డం 48,000 మైళ్ళు అయితే నిలువు 20,000 మైళ్ళ లోపే. మధ్యరేఖ దగ్గర నేల కేంద్రానికి దూరం, పైగా తిరిగే వేగం బయటికి విసిరేస్తుంటుంది కాబట్టి అంత భారీ గ్రహం మీద కూడా 3 రెట్లే మిగుల్తుంది, ధ్రువం దగ్గర ఆ రెండు వెసులుబాట్లూ ఉండవు. 70 కిలోల మనిషి మధ్యరేఖ దగ్గర 210 కిలోలు తూగుతాడు, ధ్రువం దగ్గర 49 టన్నులు.

నాకు నచ్చేది ఈ లెక్క కాదండీ, లెక్కలోంచి ఆయన మనుషుల్ని (సారీ, జీవుల్ని) పుట్టించిన తీరు. 700 రెట్లలో ఆరంగుళాల ఎత్తు నుంచి జారితే సెకనులో వందో వంతు కూడా పట్టకుండా గంటకి 160 కిలోమీటర్ల వేగంతో నేలకి కొట్టుకుంటాం. కాబట్టి అక్కడి వాళ్ళు జెర్రి లాగా నేలకి కరుచుకుని పాకే పదిహేను అంగుళాల జీవులు, ఎత్తంటే చచ్చేంత భయం, తల మీద ఏదైనా వస్తువుందంటే వణుకు, విసరడం ఎగరడం అనే ఆలోచనే రాదు. గాలి హైడ్రోజన్, సముద్రం మీథేన్. ఆ గాలిలో వెలుతురు వంగి దూరంగా ఉన్న నేల పైకి లేచినట్టు కనిపిస్తుంది, దాంతో వాళ్ళు తమ ప్రపంచం గిన్నెలా ఉందనుకుంటారు, మ్యాపులు కూడా గిన్నెల మీదే గీసుకుంటారు! ఓడంటే చిన్న చిన్న తెప్పల్ని కలిపి కట్టింది. ఇవన్నీ ఒక్క గ్రావిటీ నుంచీ, ఒక్క గాలి నుంచీ వచ్చినవే.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. నవల 1953లో సీరియల్‌గా వస్తుండగానే 'విర్లిగిగ్ వరల్డ్' అని ఒక వ్యాసం రాసి గ్రహాన్ని ఎలా తయారు చేశాడో మొత్తం బయటపెట్టేశాడు, ఇది రచయితకీ పాఠకుడికీ మధ్య ఆట, నా తప్పు పట్టుకోండి అన్నట్టు. ఊరుకుంటారా, ఎంఐటీ (అమెరికాలో పేరున్న టెక్నాలజీ యూనివర్సిటీ) కుర్రాళ్ళు లెక్కలేసి మీ గ్రహానికి నడుము దగ్గర పదునైన అంచు రావాలే అన్నారు. ధ్రువం దగ్గర గ్రావిటీ నేను చెప్పినదాంట్లో సగం కూడా ఉండదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకోటి, 61 సిగ్ని అనే నక్షత్రం పక్కన ఇలాంటి భారీ తోడు గ్రహం ఉందని 1940లలో ఆస్ట్రానమర్లు అనేవాళ్ళు, మెస్క్లిన్‌ని అక్కడే పెట్టాడు, తర్వాత పరిశీలనల్లో అది తేలలేదు. దానికి ఆయన్ని ఏమంటాం?

ప్రశ్న: చదివాను, కానీ పాత్రలు చప్పగా ఉన్నాయి. లోపం నాదా ఆయనదా?

జవాబు: ఆయనదే. ఆయన మనుషులందరూ బుద్ధిమంతులైన ఇంజనీర్ల లాగా ఒకే గొంతుతో మాట్లాడతారు, ప్రేమలు పగలు వెతక్కండి. కాకపోతే ఓడ కెప్టెన్ బార్లెనన్‌ని మాత్రం ఆ లిస్టులో వేయకండి. వాడు గట్టి వ్యాపారి, మనుషులు సాయం అడిగితే సరే సరే అంటూ చివర్లో ఏం బేరం పెడతాడో చూడండి, చెప్పను.

ప్రశ్న: నాకు సైన్స్ డిగ్రీ లేదు, ఇలాంటిది రాయొచ్చా?

జవాబు: రాయండి, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని. ఒక్క సంగతి మార్చి (గాలో, వేడో, రోజు పొడవో) దాని వెనకే పోండి, ఇల్లు ఎలా కడతారు, దేనికి భయపడతారు అని. 'ఐస్‌వరల్డ్'లో క్లెమెంట్ చేసింది అదే, సల్ఫర్ ఆవిరి పీల్చే జీవులకి మన భూమి గడ్డకట్టిన నరకంలా కనిపిస్తుంది. తప్పు దొరికితే కంగారు పడకండి. లారీ నివెన్ అనే ఇంకో రచయిత 1970లో నక్షత్రం చుట్టూ కట్టిన పెద్ద చక్రం మీద 'రింగ్‌వరల్డ్' రాస్తే ఆ చక్రం అసలు స్థిరంగా నిలబడదని తర్వాతి ఏడాది సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభలోనే ఎంఐటీ స్టూడెంట్లు గోల చేశారు, ఆయన దాన్ని సరిచేసుకుంటూ రెండో నవల రాసేశాడు.