వెనక్కి జరిగితే ముఖం తలకిందులైందేం?

ప్రశ్న: మాస్టారూ, మా ఆయన గడ్డం గీసుకోవడానికి గుండ్రటి అద్దమొకటి తెచ్చారు. దగ్గరకెళ్తే ముఖం చాటంత కనిపిస్తోంది. కాస్త వెనక్కి జరిగితే అంతా అలుక్కుపోతోంది. ఇంకా వెనక్కెళ్తే తలకిందులు! అద్దం పాడైందంటాడు మా అబ్బాయి. స్కూటర్ అద్దంతో ఈ గొడవ లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అద్దం భేషుగ్గా ఉందమ్మా, తిరిగిచ్చేయకండి. అది పుటాకార దర్పణం, అంటే లోపలికి గుంటలా వంగిన అద్దం. ముందు నాభ్యంతరం కొలవండి. అద్దాన్ని కిటికీకేసి పట్టుకుని, బయటి కొబ్బరిచెట్టు బొమ్మ తేటగా పడేదాకా ఒక తెల్లకాగితం ముక్కని ముందుకీ వెనక్కీ జరపండి. కాగితానికీ అద్దానికీ మధ్య దూరమే నాభ్యంతరం. సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు, కళ్లకి ప్రమాదం.

మీది 60 సెంటీమీటర్లనుకుందాం. ముఖం 30 సెం.మీ. దూరంలో ఉంటే ప్రతిబింబం అద్దం వెనక, నిటారుగా, రెట్టింపు సైజులో ఏర్పడుతుంది. మొటిమలు లెక్కపెట్టుకోవచ్చు.

అసలు తమాషా 60 దాటాకే. ఇప్పుడు కిరణాలు అద్దానికి ఇవతలే కలుస్తాయి. కానీ 60కీ 120కీ మధ్య మీరు నిలబడితే, అవి కలవాల్సిన చోటు మీ తల వెనక పడుతుంది. కలవబోతున్న కిరణాలకి కన్ను అడ్డొచ్చిందన్నమాట. అవి రెటీనా (కంటి లోపలి తెర) చేరకముందే కలిసిపోతాయి, అందుకే ఆ అలుకుడు. 120 దాటితే ప్రతిబింబం మీ కళ్లముందుకొస్తుంది. 180 దగ్గర నిలబడితే అది అద్దానికి 90 సెం.మీ. ఇవతల, సగం సైజులో, తలకిందులుగా ఉంటుంది. అద్దం లోపల ఉందనుకుంటాం గానీ, గాలిలో ఉంటుంది!

మన కోరమంగళలోని ఖగోళ భౌతిక సంస్థవారికి తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోపు ఉంది. ఆ అద్దమూ పుటాకారమే. నక్షత్రాలు మరీ దూరం కాబట్టి బొమ్మ సరిగ్గా నాభి దగ్గర, అంటే అద్దానికి నాభ్యంతరమంత దూరంలో పడుతుంది.

స్కూటర్‌ది కుంభాకారం, అంటే బయటికి ఉబ్బిన అద్దం. కిరణాలని విడదీస్తుందే తప్ప కలపదు, కాబట్టి వెనకున్న బండ్లు ఎంత దూరంలో ఉన్నా నిటారుగా, చిన్నగానే కనిపిస్తాయి. మెలికల్లా ఒకటుంది. దాని నాభ్యంతరమూ 60 అనుకుంటే, 10 మీటర్ల వెనకున్న 3 మీటర్ల ఎత్తు బస్సు ప్రతిబింబం అద్దం వెనక 57 సెం.మీ.లోనే, సుమారు 17 సెం.మీ. ఎత్తుతో ఏర్పడుతుంది. ప్రతిబింబం దగ్గరే ఉన్నా, చిన్నదిగా ఉంది కాబట్టి బస్సెక్కడో దూరాన ఉందనుకుంటుంది మన బుర్ర. సిల్క్ బోర్డు కూడలి దగ్గర పక్కకి తిప్పేముందు ఒక్కసారి మెడ తిప్పి కూడా చూడమనండి మీ ఆయన్ని.