కారు మీది, ఆనవాళ్లు పాత యజమాని ఫోనులో

ప్రశ్న: మియాపూర్‌లో ఉంటాను. ఆరు నెలల క్రితం ఇంటర్నెట్ సదుపాయమున్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఆర్‌సీ నా పేరుకు మారింది. మొన్న పాత యజమాని ఫోన్ చేసి, ‘నిన్న శంషాబాద్ వెళ్లినట్టున్నారు’ అన్నారు. కారు జాడ ఆయన యాప్‌లో ఇంకా కనిపిస్తోందట. నేనేం చేయగలను? - ఒక పాఠకురాలు

జవాబు: రవాణా కార్యాలయంలో 29, 30 నంబరు ఫారాలతో మారేది బండి యాజమాన్యం మాత్రమే. యాప్ ఖాతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది కనుక, దాన్ని విడిగా తొలగించే వరకు కారు పంపే సమాచారం పాత యజమానికే చేరవచ్చు. రెండో తాళంచెవిని గుర్తుపెట్టుకుని అడిగి తీసుకునేవారు కూడా మూడో తాళంచెవి లాంటి ఈ యాప్ ఖాతా సంగతి మరచిపోతుంటారు.

ఆర్‌సీ ప్రతిని జతచేసి, పాత ఖాతా నుంచి వాహనాన్ని తొలగించి లిఖితపూర్వకంగా తెలియజేయాలని కంపెనీకి ఈమెయిల్ పంపండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతిని ఉపసంహరించుకునే హక్కును, డేటాను చెరిపివేయమని కోరే హక్కును ఇచ్చింది కానీ, 2025 నవంబరులో ప్రకటించిన నియమాల ప్రకారం ఆ హక్కులు 2027 మే నెలలోగాని అమలులోకి రావు. అప్పుడు కూడా కంపెనీపై విధించే జరిమానా ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది తప్ప మీకు పరిహారంగా రాదు.

పాత యజమానిపై ఈ చట్టం పనికిరాకపోవచ్చు. ఒక వ్యక్తి సొంత అవసరానికి చేసే డేటా వినియోగం దాని పరిధిలోకి రాదు. ఆయన విషయంలో, అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించడానికి సంబంధించిన ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్లను పరిశీలించాలి. అయితే 66 కింద నేరం కావాలంటే దురుద్దేశం రుజువు కావాలి. తన ఖాతానే తెరిచానని, తప్పని తెలియదని ఆయన అనవచ్చు. అందుకే, ఇకపై కారు సమాచారం చూడవద్దని ముందుగా ఆయనకు వాట్సాప్‌లోనైనా రాయండి; ఆ తరువాత చూస్తే తెలియదనే సాకు మిగలదు. మీరు వద్దన్నా వెంటపడినా, పదేపదే ఫోన్లు చేసినా అది మహిళలను వెంటాడి వేధించడానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి రావచ్చు. షీ టీమ్స్‌ను గాని, మీ ప్రాంత పోలీస్ స్టేషన్‌ను గాని వెంటనే ఆశ్రయించండి.

ఒక్క జాగ్రత్త: భయంతో కారు స్క్రీన్‌ను ఇప్పుడే రీసెట్ చేయకండి. అందులో పాత ఖాతా వివరాలు కనిపిస్తుంటే ముందు ఫొటోలు తీసి, ఆయన ఫోన్ చేసిన తేదీ, సమయంతో పాటు భద్రపరిచి, ఆ తరువాతే రీసెట్ చేయండి.