గైనకాలజిస్టు దగ్గరికి రానంటున్న బిడ్డ

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా నెలసరి వస్తే పది రోజులకూ ఆగడం లేదు. ఈమధ్య జుట్టు కత్తిరించుకుంది. "నన్ను అమ్మాయి అనకండి, నేనేంటో నాకే ఇంకా తెలీదు" అంటోంది. పోయినసారి చూసిన డాక్టరమ్మ "పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. అప్పట్నుంచి ఆసుపత్రి పేరెత్తితే గది తలుపేసుకుంటోంది. మా అత్తగారేమో ఇదంతా హార్మోన్ల తేడా అంటున్నారు. ఎవరికి చూపించాలి?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు రక్తస్రావం సంగతి చూద్దాం. తానెవరో తేల్చుకోవడానికి మీ బిడ్డకు ఏళ్లు పట్టినా కొంప మునగదు. పది రోజుల నెలసరి మాత్రం రక్తహీనత తెస్తుంది. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా, నడిస్తే ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

మీ బిడ్డ భయపడుతున్నది బహుశా లోపలి పరీక్షకు. ఈ వయసులో అధిక రక్తస్రావానికి సాధారణంగా అది అక్కర్లేదు. నెలసరి తేదీలు, రోజుకెన్ని ప్యాడ్లు అన్నది మూడు నెలలది రాసి తీసుకెళితే సగం పని అయినట్టే. తర్వాత రక్త పరీక్షలు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, రక్తం గడ్డకట్టే తీరు. స్కానింగ్ అవసరమైతే పొట్ట మీంచే చేయమనండి. గంట ముందు లీటరు నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లకుండా ఉండాలి. మూత్రాశయం నిండకపోతే బొమ్మ సరిగా రాదు. అక్కడే చిక్కొస్తుంది, "పెళ్లయిందా? లోపలి నుంచి చేద్దాం" అనే మాట పుట్టేది అప్పుడే. చేయించుకోనని చెప్పే హక్కు మీ బిడ్డకు ఉంది.

స్కాన్‌లో అండాశయాల మీద నీటి బుడగలు కనిపించగానే పీసీఓడీ అని ముద్ర వేసుకోకండి. నెలసరి మొదలైన ఎనిమిదేళ్ల వరకు స్కాన్ ఒక్కదాన్ని బట్టి ఆ మాట చెప్పకూడదు. ఒకవేళ నిజంగా పీసీఓడీయే అయినా, దాని చికిత్స నెలసరిని దారిలో పెట్టడానికే. "అమ్మాయి అనకండి" అన్న మాటను మార్చే మందు అది కాదు, ఈ సంగతి మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. 'కౌన్సెలింగ్‌తో మార్చేస్తాం' అనే వైద్యుడెవరైనా ఎదురైతే లేచి వచ్చేయండి. దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా, వైద్యవృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే ప్రకటించింది.

మందులకు భయపడాల్సిన పని లేదు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ హార్మోను కాదు, రక్తం ఎక్కువగా పోయే నాలుగైదు రోజులే వేసుకుంటారు. నెలసరే మీ బిడ్డను కుంగదీస్తుంటే, దాన్ని కొన్నాళ్లు ఆపి ఉంచే మార్గాలూ ఉన్నాయి. పూజకో పెళ్లికో వాయిదా వేసుకునే మాత్ర మన ఇళ్లలో తెలియనిదేం కాదు, నోరెథిస్టిరాన్ అదే. కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చి నెలల తరబడి వాడకూడదు. మైగ్రేన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి ఇంట్లో ఎవరికున్నా డాక్టరుకు చెప్పాలి. డాక్టరు చెప్పినట్టే వాడినా మొదటి కొన్ని నెలలు మధ్యమధ్య మరకలు పడొచ్చు. మందు పనిచేయలేదనుకుని చాలామంది అక్కడే మానేస్తారు. మందు ఆపితే నెలసరి మళ్లీ వస్తుంది, ఒంట్లో శాశ్వతంగా మారేదేమీ ఉండదు.

ఇక డాక్టరు. సంతాన సాఫల్య కేంద్రం వద్దు, అక్కడ మాటలన్నీ పిల్లల చుట్టూనే తిరుగుతాయి. కౌమార వయసువాళ్లను చూసే గైనకాలజిస్టు కోసం వెతకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో 10 నుంచి 19 ఏళ్ల వారికి కౌమార క్లినిక్‌లు ఉంటాయి, కౌన్సెలర్ ఏ రోజు ఉంటారో ముందే కనుక్కోండి. ఎక్కడికైనా ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగండి. బిడ్డతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడతారా? స్కాన్ పొట్ట మీంచే చేస్తారా? హాల్లో ఇంటిపేరుతో పిలుస్తారా? రిసెప్షన్‌లో ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

డాక్టరును ఇంకొక్కటి కోరండి: బిడ్డతోనే నేరుగా మాట్లాడమనండి. తెలుగులో "ఎప్పుడు మొదలైంది? నొప్పి ఉందా? ఏం తిన్నావు?" అంటే ఆడా మగా తేడా రాదు. తల్లి వైపు తిరిగి "ఏమంటోంది మీ పిల్ల?" అన్నప్పుడే ముల్లు గుచ్చుకుంటుంది. ఒంటరిగా చెప్పిన మాటలు బయటికి రావని మీ బిడ్డకు హామీ ఇవ్వండి, అయితే ఒక మినహాయింపు ఉందనీ చెప్పండి. పద్దెనిమిది లోపువారి లైంగిక సంబంధం సంగతి తెలిస్తే పోక్సో చట్టం కింద డాక్టరు పోలీసులకు తెలపాల్సిందే.

వెళ్లే ముందు డాక్టరుకు నాలుగు లైన్ల మెసేజ్ పెట్టండి: ఏ పేరుతో పిలవాలి, ఏ మాట వద్దు, ఏ పరీక్షకు భయం, పోయినసారి ఏం జరిగింది. పంపేముందు బిడ్డకు చదివి వినిపించండి. కొట్టేయమన్న లైను కొట్టేయండి. అప్పటికీ రానంటే బలవంతం వద్దు. ఇంటికొచ్చి రక్తం తీసుకునే ల్యాబ్‌తో ముందు పరీక్షలు చేయించి, రిపోర్టులతో ఈసారికి మీరొక్కరే వెళ్లి మాట్లాడి రండి.